అమృతమునకు వెల

అమృతమునకై దేవాసురులు పాలకడలిని చిలికిరి. వాసుకిని తమ చేతులతోనే లాగిరి. జపాను రచయిత యూజీ కాకు 2018 మొదలు 2021 వరకు ప్రకటించిన 'జిగోకురాకు' అను చిత్రకథలోని షోగును అంతటి శ్రమ పడడు. మరణశిక్ష పడిన ఖైదీలను, తలారులను వెంటనిచ్చి, అమృతము దెచ్చుటకొక ద్వీపమునకు పంపును. తెచ్చినవానికి క్షమాపణ. ఇది కల్పనయే యైనను నిరాధారము కాదు. చీనా తొలి చక్రవర్తి షీ హువాంగ్ ఇట్టి యౌషధమునకే షూఫూను సముద్రముపైకి పంపి, క్రీ.పూ. 210లో తాను గతించెను.

"ఎటులనైన చావవలసినవారే గదా, నష్టమేమి?" అని కొంద రడుగవచ్చును. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయజాలము. నేరమునకు శిక్షగా ప్రాణము దీయుట యొకటి. ఆ ప్రాణమును ప్రభువు తన యాయువు పెంచుకొనుటకు పనిముట్టుగా వాడుకొనుట వేరొకటి. మొదటిది న్యాయమో కాదో పెద్దలు తర్కింతురు గాక. రెండవదానికి న్యాయమను పేరే చెల్లదు. ఆ ద్వీపమందలి మరణములేనివారు మనుష్యులను పుష్పములుగా మార్చి, వారినుండియే తమ మందు చేసికొందురు. దూరమున నగరిలో కూర్చున్న షోగును చేయునదియు నదియే గదా!

కథలో రక్తపాతము మితిమీరినది; పిల్లలచేతి కీయదగిన పుస్తకము కాదు. అయినను గాబిమారు అను ఖైదీ మమ్ము విడువడు. బ్రతుకుపై నాశ లేదని యాతడనును. కాని ఖడ్గమును, అగ్నియు నాతని చంపజాలవు. ఏలయని సగిరి యను తలారి స్త్రీ గ్రుచ్చి యడుగగా, ఇంటనున్న భార్యను మరల చూడగోరుటయే కారణమని తేలును. నచికేతుడు యముడీయబోయిన దీర్ఘాయువును వలదనెను. ఈతడు జిజ్ఞాసువు కాడు, హంతకుడు. అయినను అమృతమును తాను త్రాగుటకు గాక, దానిని షోగునుకిచ్చి యిల్లు చేరుటకే వెదకబోవును.