కొన్నదా, కౌలుకు తీసుకున్నదా?: డిజిటల్ వస్తువుల స్వామ్యంపై ఒక నైతిక విచారణ

ఉపోద్ఘాతం

కొత్త సెల్‌ఫోను, ఈ-పుస్తక పఠన పరికరం, టాబ్లెట్ వంటివి మార్కెట్లోకి రాగానే తెచ్చి పరీక్షించి అభిప్రాయం చెప్పే గాడ్జెట్ ప్రియులు నేడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కెమెరా నాణ్యత ఎంత, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, ధరకు తగిన విలువ ఉందా అన్నవి వారి విచారణలో ప్రధానాంశాలు. ఈ అభిప్రాయాలు అల్పమైనవి కావు. వస్తువును దగ్గరగా చూసి, పోల్చి, గుణదోషాలు తేల్చడం ఒక రకమైన విమర్శే. అయితే ఆ విమర్శలో అరుదుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: డబ్బు చెల్లించిన తరువాత ఆ వస్తువు, అందులోని పుస్తకం, పాట ఏ మేరకు కొన్నవారివి? ఈ ప్రశ్నలోని నైతికాంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఈ విచారణకు పర్చూరు ప్రాంతాన్ని ఆధారంగా తీసుకోవడానికి కారణముంది. ఒకప్పటి గుంటూరు జిల్లాలోనిదై, 1970లో ఏర్పడిన ఒంగోలు (తరువాతి ప్రకాశం) జిల్లాలో చేరి, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం పత్తి, మిరప, పొగాకు, శనగ పండే నల్లరేగడి నేల. క్రయానికీ కౌలుకూ ఉన్న భేదం ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు. ఇక్కడికి దగ్గరలోనే, చీరాల పక్కన వేటపాలెంలో, 1918లో స్థాపితమైన సారస్వత నికేతనం ఉంది. స్వామ్యం గురించి పొలమూ గ్రంథాలయమూ నేర్పిన పాఠాలు డిజిటల్ వస్తువులను కొలవడానికి పనికివస్తాయని ఈ వ్యాస ప్రతిపాదన.

'కొను' అనే మాట

తెలుగులో 'కొను' ధాతువుకు రెండు పనులున్నాయి. స్వతంత్రంగా అది క్రయాన్ని చెబుతుంది. మరొక ధాతువుకు అనుప్రయుక్తమైనప్పుడు క్రియాఫలం కర్తకే చెందుతుందని సూచిస్తుంది: వండుకొను, దాచుకొను, చదువుకొను. వ్యాకర్తలు దీనిని ఆత్మనేపదార్థంగా గుర్తించారు. కొనడమంటే డబ్బిచ్చి వస్తువును ఇంటికి తేవడం మాత్రమే కాదు, దాని ఫలాన్ని తనదిగా చేసుకోవడం అన్న భావం మన భాషలో ఇలా స్థిరపడింది. 'కౌలు' ఇందుకు భిన్నం. మాట, ఒప్పందం అనే అర్థమున్న అరబ్బీ పదం నుంచి వచ్చిన ఈ పదంలో స్వామ్యం లేదు, గడువున్న ఒప్పందమే ఉంది. కౌలు రైతు పండించుకుంటాడు, అనుభవిస్తాడు. పొలం తనది కాదని, గడువు ఎప్పుడు తీరుతుందో కూడా అతనికి తెలుసు.

డిజిటల్ విపణిలో తెర మీద కనిపించే మాట 'కొనండి'. దాని వెనుక ఉన్న ఒప్పందం మాత్రం చాలా సందర్భాలలో కౌలు స్వభావం కలది. 2009 జులైలో అమెజాన్ సంస్థ, హక్కులు లేని ప్రచురణకర్త అమ్మాడన్న కారణంతో, జార్జ్ ఆర్వెల్ నవలలు '1984', 'యానిమల్ ఫామ్' ప్రతులను కొన్నవారి కిండిల్ పరికరాల నుంచి దూరం నుంచే తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చింది, తరువాత క్షమాపణ కూడా చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తక విక్రయశాలను మూసివేసినప్పుడు పాఠకులు కొన్న పుస్తకాలు తెరుచుకోకుండా పోయాయి. అక్కడా సొమ్ము వాపసు వచ్చింది. ఈ రెండు సందర్భాలలోనూ ఆర్థిక నష్టం పెద్దది కాదు. అచ్చుపుస్తకం అమ్మిన దుకాణదారు రాత్రివేళ ఇంటికి వచ్చి, బల్లమీద డబ్బు పెట్టి, పుస్తకం పట్టుకుపోతే దానిని మనం ఏమంటాం అన్నదే ప్రశ్న. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చేసిన చట్టం ఈ మాట మీదనే దృష్టి పెట్టింది. ఇస్తున్నది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ సరుకు విషయంలో 'కొనుగోలు' వంటి పదాలు వాడరాదని నిర్దేశించింది. కౌలు తప్పు కాదు, కౌలును క్రయమని చెప్పడం తప్పు అన్నది దాని సారం.

స్వత్వం అంటే ఏమిటి?

మన శాస్త్ర సంప్రదాయంలో స్వత్వం గురించి సూక్ష్మమైన చర్చ ఉంది. యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు స్వత్వం లౌకికమా, శాస్త్రైకగమ్యమా అని విచారించి, లౌకికమేనని తేల్చాడు. ఆ మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించడంతో ధర్మశాస్త్ర వ్యవహార పరిభాష తెలుగు పద్యంలోకి వచ్చింది. స్వత్వం లౌకికమైతే, లోకవ్యవహారం మారినప్పుడల్లా దానిని తిరిగి విచారించవలసి ఉంటుంది. ఆ పని నేడు మన ముందుంది.

స్వత్వాన్ని 'యథేష్ట వినియోగార్హత్వం', అంటే ఇష్టం వచ్చినట్లు వినియోగించుకోదగి ఉండడం, అని నిర్వచించిన వారున్నారు. నవ్యనైయాయికుడు రఘునాథ శిరోమణి 'పదార్థతత్త్వనిరూపణం'లో ఈ నిర్వచనాన్ని ఖండించాడు. వినియోగమంటే తినడం వంటిదే అయితే పరుల అన్నాన్నీ తినవచ్చు గదా? నిషేధం లేని వినియోగమని సవరిస్తే, పరస్వాన్ని తీసుకోరాదన్న నిషేధమే స్వత్వాన్ని ముందుగా అంగీకరించి చెప్పినది. కాబట్టి స్వత్వం వినియోగంలోకి ఒదగదు, అది వేరొక పదార్థం అని ఆయన సిద్ధాంతం. వినియోగానికి లోటు లేనంత మాత్రాన స్వామ్యం ఉన్నట్లు కాదన్న ఈ వివేకం నేటి చర్చకు కీలకం.

పూర్వపక్షం

గాడ్జెట్ ప్రియుని వాదాన్ని దాని బలమైన రూపంలోనే వినాలి. స్వామ్యం ఒక బరువు, నాకు కావలసినది పాట గాని క్యాసెట్టు కాదు అంటాడతడు. ఒకప్పుడు ఒక క్యాసెట్టులో పది పాటలుండేవి. టేపు చిక్కుపడేది, బూజు పట్టేది. ఇప్పుడు నెలకు కొద్దిపాటి రుసుముతో లెక్కలేనన్ని పాటలు వింటున్నాను. ఫోను మూత విప్పరాకుండా అతికించడం వల్లనే అది సన్నగా, నీరు చొరకుండా ఉంది. చేరువ ఉంటే చాలు, చేతిలో ఉండనక్కరలేదు.

దీనికి నైతికమైన తోడు కూడా ఉంది. అపరిగ్రహం సద్గుణమని మన దర్శనాలు చెప్పాయి. వస్తువులను పోగుచేసుకోకుండా అవసరమైనంత అనుభవించి వదిలివేసే ఈ పద్ధతి అపరిగ్రహానికి దగ్గర కాదా అని అడగవచ్చు.

కాదని చెప్పడానికి కారణం ఇది. అపరిగ్రహం త్యాగం, అంటే ఉన్నదాన్ని వదులుకోవడం, లేక పొందగలిగినదాన్ని కాదనడం. లైసెన్సు పద్ధతిలో వినియోగదారు దేనినీ త్యజించడు. స్వామ్యం అతని దాకా రానేరాదు, మొత్తంగా మరొకచోట నిలిచిపోతుంది. పొలం లేనివారందరూ కౌలుదార్లైనంత మాత్రాన ఊరు అపరిగ్రహ వ్రతం పట్టినట్లు కాదు. భూస్వామి ఒక్కడే మిగిలాడని మాత్రమే దాని అర్థం.

దానం: స్వామ్యానికి పరీక్ష

పోయినది ఏమిటో దాన విచారంలో స్పష్టమవుతుంది. తన స్వత్వాన్ని నివర్తింపజేసుకొని పరుని స్వత్వాన్ని కలిగించడమే దానమని శాస్త్రకారుల లక్షణం. దీని ప్రకారం స్వత్వం లేనివాడు దానం చేయలేడు. స్వామ్యానికి నైతిక విలువ భోగంలో కంటె ఈ సామర్థ్యంలో ఎక్కువగా ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది. భోగం కౌలుదారుకూ ఉంటుంది. ఇవ్వడం, ఎరువివ్వడం, వారసులకు వదలడం స్వామికే సాధ్యం.

పర్చూరులో ఒక పాఠకురాలు ఇరవై ఏళ్ళలో రెండువందల అచ్చుపుస్తకాలు కొన్నదనుకుందాం. వాటిలో ఒకటి పొరుగింటి అమ్మాయికి చదువుకోవడానికి ఇవ్వవచ్చు, కొన్నిటిని పాత పుస్తకాల వాడికి అమ్మవచ్చు, మిగిలినవి వేటపాలెం గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. భారత కాపీరైట్ చట్టం (1957) 14వ సెక్షను, అప్పటికే చలామణిలో ఉన్న ప్రతులను రచయిత పంపిణీ హక్కు నుంచి మినహాయించింది. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంట్ల మీద సాగే పాత పుస్తకాల అమ్మకానికి చట్టబద్ధమైన ఆధారం అదే. అదే పాఠకురాలు ఆ రెండువందల పుస్తకాలనూ ఈ-పుస్తకాలుగా కొని ఉంటే, సాధారణ లైసెన్సు షరతుల ప్రకారం, వాటిని ఎవరికీ బదిలీ చేయలేదు. చదివే సౌకర్యం పెరిగి ఉండవచ్చు, అక్షరం పెద్దది చేసుకోవచ్చు, వెతుక్కోవచ్చు. ఇచ్చే శక్తి మాత్రం పోయింది.

ఈ శక్తి మీదనే మన సాహిత్య చరిత్ర నిలిచింది. సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో తాళపత్రాలు సేకరించి, ప్రతులు రాయించి, వాటిని మద్రాసు సంస్థకు ఇవ్వగలగడం వల్లనే ఆ సంపద నేటి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది. 1929లో గాంధీజీ భవనానికి శంకుస్థాపన చేసిన సారస్వత నికేతనం నేటికీ పాత పత్రికల కోసం పరిశోధకులు వెళ్ళే చోటుగా ఉందంటే, ప్రతులు చేతులు మారగలగడమే అందుకు మూలం. గ్రంథాలయోద్యమమంటే, ఈ దృష్టితో చూస్తే, వ్యక్తుల స్వత్వం సమాజ స్వత్వంగా మారిన ఉద్యమం. బదిలీ కాని ప్రతులతో రేపటి వేటపాలెం ఎలా ఏర్పడుతుంది?

విత్తనం నేర్పిన పాఠం

చట్టం హక్కు ఇచ్చినా వస్తు నిర్మాణం దానిని కాదనవచ్చునని పర్చూరు రైతుకు పత్తి విత్తనం నేర్పింది. 2001 నాటి మొక్కల వంగడాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షను, విత్తనాన్ని దాచుకోవడానికీ తిరిగి విత్తడానికీ ఇచ్చిపుచ్చుకోవడానికీ రైతుకు హక్కు ఉందని గుర్తించింది. సంస్థ ముద్రతో అమ్మడాన్ని మాత్రమే మినహాయించింది. అయితే పొలంలో ఉన్నది సంకర పత్తి. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కూడా ఇక్కడికి ప్రధానంగా సంకర రూపంలోనే వచ్చింది. సంకర విత్తనం నుంచి తీసిన విత్తనం మరుసటి తరంలో గుణం నిలుపుకోదు. హక్కు కాగితం మీద ఉంది, ఏటా విత్తనం దుకాణంలో కొనవలసే ఉంది. ఇందులో వంచన ఉందనడం సరికాదు. సంకరం అధిక దిగుబడి కోసం ఎన్నుకున్న మార్గం. కాని దాచుకొని, పొరుగువానికి పిడికెడు ఇచ్చే విత్తన సంప్రదాయం ఆ మార్గంలో సన్నగిల్లింది.

సెల్‌ఫోను స్థితి ఇటువంటిదే. ఫోను కొన్నవారిదే, మరమ్మతు చేయించుకోవడాన్ని చట్టం నిషేధించలేదు. కాని విడిభాగాన్ని ఆ ఒక్క ఫోను గుర్తింపు సంఖ్యతో సాఫ్ట్‌వేర్ ద్వారా ముడివేసినప్పుడు, బజారులోని మరమ్మతుదారు అసలైన తెరనే తెచ్చి బిగించినా కొన్ని సౌకర్యాలు పనిచేయకపోవచ్చు. భారత వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై సంఘాన్ని నియమించడం, ఐరోపా సమాఖ్య 2024లో ఇదే విషయంపై ఆదేశం జారీచేయడం ఈ సమస్యను గుర్తించినందువల్లనే. బాగుచేయదగిన వస్తువే మరొకరి చేతికి వెళ్ళదగిన వస్తువు. అన్న వాడిన ఫోను తమ్మునికి చేరాలంటే మధ్యలో మరమ్మతుదారు ఉండాలి. కనుక మరమ్మతు ప్రశ్న కూడా చివరకు దానశక్తి ప్రశ్నే.

నకలు అనే ఆక్షేపం

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపం ఉంది. డిజిటల్ ప్రతిని ఇచ్చినవాని వద్ద కూడా ప్రతి మిగులుతుంది. స్వత్వ నివృత్తి లేనప్పుడు అది దానమెలా అవుతుంది? రచయిత శ్రమకు రక్షణ ఏది? ఈ ఆక్షేపం న్యాయమైనదే. పైన చెప్పిన లక్షణం ప్రకారమే, నకలు పంచడం దానం కాదు. ఏ ఖర్చూ లేని ఔదార్యాన్ని దానమని పిలువలేం. 2018లో అమెరికా అప్పీలు న్యాయస్థానం, కొన్న పాటల ఫైళ్ళను తిరిగి అమ్మే రీడిజీ సేవ కాపీరైట్‌ను ఉల్లంఘిస్తున్నదని తీర్పు చెప్పింది. ఫైలు బదిలీలో కొత్త నకలు పుడుతుందన్నది అందుకు ఆధారం. అయితే 2016లో ఐరోపా న్యాయస్థానం, గ్రంథాలయం ఒక ఈ-ప్రతిని ఒకేసారి ఒకరికి మాత్రమే ఎరువిచ్చి, గడువు తీరగానే అది తెరుచుకోకుండా చేస్తే, దానిని అచ్చుపుస్తకపు ఎరువుతో సమానంగా చూడవచ్చునని భావించింది. అంటే స్వత్వ నివృత్తిని సాంకేతికంగా కల్పించడం అసాధ్యం కాదు. తీసివేయడానికి పనికివచ్చే తాళమే అప్పగించడానికీ పనికివస్తుంది. ఆ తాళాన్ని ఏ ప్రయోజనానికి వాడాలన్నది సాంకేతిక ప్రశ్న కాదు, నైతిక నిర్ణయం. ఈ వ్యాసం కోరుతున్నది నకలు తీసే హక్కును కాదు, తన చేతిలోనిది వదులుకొని మరొకరికి అప్పగించే హక్కును.

ఉపసంహారం

పై విచారణ వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. వినియోగ సౌలభ్యం స్వామ్యానికి లక్షణం కాదు. స్వామ్యపు నైతిక విలువ ప్రధానంగా ఇవ్వగలిగే శక్తిలో ఉంది. ఆ శక్తిని ఒప్పందపు షరతు ద్వారా గాని, వస్తు నిర్మాణం ద్వారా గాని తొలగించి, ఆ లావాదేవీని క్రయమని పిలవడం సత్యానికి లోటు. అన్నిటినీ కొనవలసిన పని లేదు. ఒకసారి చూసే సినిమాకు కౌలు చాలు. అది కౌలని ముందుగా తెలియాలి. భద్రపరచి ముందు తరానికి అందించదలచిన దానికి మాత్రం క్రయమే ఉండాలి.

తెలుగు శాఖలకు ఇది దూరపు విషయం కాదు. యూనికోడ్‌కు ముందటి ఖతులలో కూర్చిన సిద్ధాంత వ్యాసాల ఫైళ్ళు, ఆ ఖతి, ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా తెరుచుకోవడం మనలో చాలామంది చూసినదే. ఫైలు మనదే, చదివే తాళంచెవి మరొకచోట ఉంది. ఇకనైనా సిద్ధాంత గ్రంథాలను యూనికోడ్‌లో, ఏ ఒక్క సంస్థ సాఫ్ట్‌వేర్ మీదా ఆధారపడని రూపంలో భద్రపరచడం, ఈ-పుస్తకాలకు శాఖా గ్రంథాలయాలు చందా కట్టేటప్పుడు చందా ఆగిన తరువాత ఏది మిగులుతుందని అడగడం మన పరిధిలోని పనులు. గాడ్జెట్ ప్రియుడు కూడా తన పరీక్షల పట్టికలో కెమెరా, బ్యాటరీలతోపాటు మరొక గడి చేర్చవచ్చు: ఇది నా తరువాత ఎవరికి ఇవ్వగలను?