నెమ్మది ఎవరికి?

వ్రేళ్లకు చిన్న పట్టీలు తగిలించి చెమట, గుండె వేగము, చర్మపు వెచ్చదనము తెరమీద చూపే పద్ధతికి బయోఫీడ్‌బ్యాక్ అని పేరు. దీని పరిశోధకులు 1969లో అమెరికాలో సంఘముగా ఏర్పడిరి. ఊపిరి పీల్చునప్పుడు గుండె కాస్త వేగమై, విడిచినప్పుడు తగ్గుట శరీర స్వభావము. అందుకే నిమిషమునకు 12కు పైగా ఉండే ఊపిరిని 6 వరకు తగ్గించి నిదానముగా విడిచినవానికి కలత తగ్గుతుంది. ఇందులో మంత్రమేమీ లేదు. యంత్రము లేకున్నను గోడ గడియారము చాలు.

ప్రార్థింపక ఊపిరి లెక్కించుట విశ్వాసలోపమా అని మనలో కొందరు అడుగుతారు. జ్వరానికి మాత్ర వేసుకొనుటలో లేని లోపము ఇందులో ఎందుకుండాలి? మాకు తోచే కష్టమైన ప్రశ్న వేరు. యంత్రము చెమటను చూపును గాని అది ఎందుకు పట్టెనో చెప్పదు. అప్పు ఎగవేసి ముఖము చాటువేయువానికీ, ఆ బాకీ రాక పిల్లవాని ఫీజు కట్టలేనివానికీ గీత ఒకే రీతిగా లేస్తుంది. మొదటివాడు ఊపిరి సరిచేసుకొని హాయిగా నిద్రపోతే అది స్వస్థతా? ఆ కలతే అతనికి మేలు చేయుచుండెనేమో! రెండవవానికి నిద్ర కావలసిందే. కాని "దీర్ఘముగా ఊపిరి తీసుకో" అని చెప్పి మనము ఊరకుంటే అతని బాకీ వసూలైనట్టా?

కట్నపు పోరు పడలేక ఏడ్చే ఆడపిల్లకు ఊపిరి తప్పక నేర్పుదాము. గొంతు వణకకుండా తన మాట తాను చెప్పుకొనుటకు అది పనికివస్తుంది. ఆమె ఫోను చేసినప్పుడు ఎత్తవలసినవారము మాత్రం మనమే.