కుక్క ఫిర్యాదు

శ్రీరాముడి కొలువుకి ఒకసారి ఓ కుక్క వచ్చిందట, తలమీద గాయంతో. ఏ తప్పూ చెయ్యకపోయినా ఒక బ్రాహ్మణుడు కర్రతో కొట్టాడని ఫిర్యాదు. కుక్కే కదా అని రాముడు కసిరి పంపెయ్యలేదు. కొట్టినవాణ్ణి పిలిపించి విచారించాడు. ఉత్తరకాండలోది ఈ కథ. ప్రక్షిప్తమంటారు పెద్దలు. అయితేనేం, భద్రాచలానికి ఇంత దగ్గర కాపురముంటూ దాన్ని కొట్టిపారెయ్యడం నావల్ల కాదు.

మేముండేది పాల్వంచ శివార్లో. పెరటి కంప దాటి కాస్త దూరం నడిస్తే కిన్నెరసాని అడవే. మా మల్లి వీధికుక్క. ఓ వానరాత్రి అరుగెక్కింది, మళ్ళీ దిగలేదు. మొదటి ఈతకి ఆరు పిల్లలు. మగవి రెండూ కాపలాకని ఎవరో పట్టుకుపోయారు. మిగిలిన నాలుగూ ఆడవి. ఆడకుక్కపిల్లని ఎవరు పెంచుకుంటారండీ? ఓ పొద్దున పాలబ్బాయి వాటిని గోనెసంచిలో వేసుకుపోయి ఎక్కడో వదిలేసి వచ్చాడు. ఎక్కడని నేనడగలేదు. అడిగితే జవాబు వినాలి కదా! పాలు చేపిన చన్నులతో మల్లి మూడు రోజులు ఇల్లూ పెరడూ వెతికింది.

మళ్ళీ ఎదకి రాకముందే ఆపరేషన్ చేయిద్దామన్నాను. అత్తయ్యగారు ఒప్పుకోలేదు.

"నోరులేని జీవం. తల్లి కావద్దనడానికి మనమెవరం? దాన్నడిగావుటే అమ్మాయ్?"

ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. 1975–77 ఎమర్జెన్సీ రోజుల్లో మనుషులకే బలవంతంగా ఆపరేషన్లు చేసిన దేశం మనది. "నీ మేలు కోసమే" అన్న మాట వెనక ఎంత దౌర్జన్యం దాగుంటుందో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా?

కానీ మనిషికైతే నచ్చజెప్పొచ్చు, వద్దంటే ఊరుకోవచ్చు. మల్లికి ఆ దారి లేదు. దాని తరఫున ఏదో ఒకటి మనమే నిర్ణయించాలి. ఏమీ చెయ్యకపోవడం కూడా నిర్ణయమే. గోనెసంచి మాత్రం దాన్నడిగి తెచ్చామా?

పశువుల డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. కుక్క మోసేది 63 రోజులే, ఏడాదికి రెండుసార్లు ఎదకి రావచ్చు. గర్భసంచీ, అండాశయాలూ తీసేస్తే లోపల చీముపట్టి ప్రాణం తీసే జబ్బు భయం ఉండదు. మొదటి ఎదకి ముందే చేయిస్తే రొమ్ము గడ్డలు రావడం చాలా అరుదు. ఆ లాభం మల్లికి దాటిపోయింది. మగకుక్కకి చేయిస్తే ఎద వెంట తిరుగుళ్ళూ, కాట్లాటలూ తగ్గుతాయి. మత్తు ఇస్తారు గనక కొంత ప్రమాదం ఉంది, తిండి చూసి పెట్టకపోతే లావెక్కుతుంది. ఈ సంగతీ దాచలేదాయన.

అడవి అంచున ఉన్నవాళ్ళకి ఇంకో లెక్క కూడా ఉంది. మనం వదిలేసిన పిల్లల్లో బతికినవి ఆకలికి దుప్పుల వెంట పడతాయి. కుక్కల డిస్టెంపర్ జబ్బు అడవి జంతువులకీ సోకుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో దాదాపు వెయ్యి సింహాలు దానికే బలయ్యాయి. 2018లో మన గిర్ అడవిలోనూ కొన్ని పోయాయి. అందుకే ఆపరేషన్‌తోపాటు టీకాలూ వేయించాలి. వీధికుక్కల్ని చంపకుండా, ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలని 2001 నాటి నిబంధనలు చెప్పాయి. 2023లో వచ్చిన కొత్త నిబంధనలదీ అదే దారి.

చివరికి మల్లికి ఆపరేషన్ అయింది. కుట్లు మానేదాకా పాలన్నం కలిపి పెట్టింది ఎవరనుకున్నారు? అత్తయ్యగారే! "పాపం నీది, పుణ్యం నాది" అని నన్ను దెప్పుతూనే.

రేపు మల్లి భద్రాద్రి మెట్లెక్కి నామీద ఫిర్యాదు చేస్తే? కడుపు కోయించావేమని రాముడడిగితే ఏదో జవాబు చెప్పుకోగలను. ఆ నాలుగు పిల్లలూ ఏమయ్యాయని అడిగితేనే, తలెత్తలేను.