మోగిన హారన్, మోగని హారన్: ప్రామాణ్యవాదంపై ఒక పరిశీలన

పడవ వెనుక పలకకు బిగించి నడిపే ఔట్‌బోర్డ్ మోటారులో హెచ్చరిక హారన్ మోగినప్పుడు, ఇంజనుకు ఏదో ముప్పు వచ్చిందన్న జ్ఞానం మాత్రమే నడిపేవానికి కలుగుతుంది. ఆ ముప్పు నీరందక ఇంజను వేడెక్కడం కావచ్చు, ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో ఆయిల్ ప్రెషర్ పడిపోవడం కావచ్చు, కొన్ని నమూనాల్లో ఇంధనంలో నీరు చేరడం కావచ్చు. ఇవేవీ కాక, ఉప్పుగాలికి పాడైన సెన్సరో ఒరిపిడికి తొడుగు పోయిన వైరో తప్పుడు సంకేతం ఇవ్వడమూ కావచ్చు. మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట అలలు విరిగే ఇరుకులో, ఈ సందేహం ప్రాణాల మీదికి వస్తుంది. హెచ్చరికను నమ్మి ఇంజను ఆపితే పడవ అలకు అడ్డం తిరిగి బోల్తా పడవచ్చు. నమ్మక నడిపితే ఇంజను పట్టేసి అదే గతి పట్టవచ్చు. కలిగిన జ్ఞానాన్ని పరీక్షించకముందే నమ్మవచ్చునా, పరీక్షించిన తరువాతనే నమ్మాలా అన్న ప్రశ్నను భారతీయ దర్శనాలు ప్రామాణ్యవాదం అనే పేరుతో శతాబ్దాల తరబడి చర్చించాయి. ప్రామాణ్యం అంటే జ్ఞానానికి ఉండే యథార్థత. అది జ్ఞానంతోపాటే తెలుస్తుందా, వేరొక దాని వల్ల తెలుస్తుందా అన్నదే వివాదం.

7వ శతాబ్దికి చెందినవాడని భావించే కుమారిలభట్టు శ్లోకవార్తికంలో స్థాపించిన మీమాంసాదర్శన పక్షాన్ని స్వతఃప్రామాణ్యవాదం అంటారు. జ్ఞానం ప్రామాణ్యంతోనే పుడుతుందనీ, దానిని నిలబెట్టడానికి మరో జ్ఞానం అక్కరలేదనీ, అప్రామాణ్యం మాత్రమే బయటి కారణం వల్ల తెలుస్తుందనీ దీని సారం. ఆ బయటి కారణాలు రెండు. మొదటిది బాధకజ్ఞానం, అంటే ముందు తెలిసినదానికి సూటిగా విరుద్ధమైన విషయం తెలియడం. ముత్యపుచిప్పను వెండి అనుకున్నవాడు దగ్గరికి వెళ్లి అది వెండి కాదని గ్రహించడం దీనికి ఉదాహరణ. రెండవది కారణదోషజ్ఞానం, అంటే జ్ఞానాన్ని కలిగించిన సాధనంలోనే లోపముందని తెలియడం. తెల్లని శంఖం పచ్చగా కనబడినవాడికి తన కళ్లకు కామెర్లు సోకాయని తెలియడం ఇటువంటిది. ఈ రెండింటిలో ఏదీ ఎదురుకానంతవరకు కలిగిన జ్ఞానాన్ని అనుసరించి నడుచుకోవడమే న్యాయమని మీమాంసకుల మాట.

అనుభవమున్న మెకానిక్ పనితీరును గమనిస్తే, శాస్త్రం తెలియకపోయినా అతడు ఈ దారినే నడుస్తున్నట్టు కనబడుతుంది. హారన్ మోగగానే అతడు దానిని నిజమని తీసుకుని, అల అనుమతించిన మేరకు ఇంజను వేగం తగ్గిస్తాడు. ఆయిల్ ప్రెషర్ సూచన అయితే చేతనైనంత త్వరగా ఇంజను ఆపేస్తాడు. తరువాత ఇంజను పక్కనున్న చిన్న రంధ్రం నుంచి చిమ్మే నీటిధారను చూస్తాడు. ధార లేకుంటే ఇంజను ఆపి, పైకి వాల్చి, నీరు పీల్చుకునే జల్లెడకు ప్లాస్టిక్ కవరో నాచో చుట్టుకుందేమో చేత్తో తడుముతాడు; వరదనీటిలో తిరిగే సహాయక పడవలకు ఇది తరచుగా ఎదురయ్యే చిక్కు. జల్లెడ శుభ్రంగా ఉన్నా ధార రాకపోతే రంధ్రంలో సన్నని తీగ పోనిచ్చి ఇసుక, ఉప్పు పేరుకున్నాయేమో చూస్తాడు. అప్పటికీ రాకపోతే ఒడ్డుకు చేరాక అడుగు భాగం విప్పి ఇంపెల్లర్‌ను, అంటే నీటిని పైకి తోసే రబ్బరు రెక్కల చక్రాన్ని బయటికి తీస్తాడు. నీరు లేకుండా కాసేపు తిరిగినా ఆ రెక్కలు కాలి, చిట్లి, ముక్కలు పోతాయి. పోయిన ముక్క పై దారుల్లో ఎక్కడో ఇరుక్కుని ఉండవచ్చు కాబట్టి కొత్త చక్రం వేసినంత మాత్రాన పని పూర్తికాదు.

ధార బాగానే ఉండి హారన్ మోగుతూ ఉంటే విచారణ సూక్ష్మమవుతుంది. చాలా ఇంజన్లలో ఆ ధార పంపు పనిచేస్తోందని చెప్పగలదే గాని, సుమారు 50–60 డిగ్రీల దగ్గర తెరుచుకోవలసిన థర్మోస్టాట్ తెరుచుకుందని చెప్పలేదు. అందువల్ల ధారను చూసి హారన్ అబద్ధమనడం బాధకజ్ఞానం కాదు, బాధకంలా కనిపించేది మాత్రమే. ఉష్ణోగ్రత కొలిచే పరికరాన్ని సిలిండర్ తలపై సెన్సర్ పక్కనే గురిపెట్టి, అక్కడ వేడి లేదని తేలితేనే అది నిజమైన బాధకం. ఆపైన కారణదోషాన్ని వెదకాలి: సాధారణ నమూనాల్లో ఉష్ణోగ్రత స్విచ్చి వేడికి మూసుకుని హారన్ వైరును ఇంజను బాడీకి కలుపుతుంది, ఆ కలయికతోనే హారన్ మోగుతుంది. స్విచ్చి దగ్గర వైరు ఊడదీసినా మోత ఆగకపోతే, ఆ వైరే ఎక్కడో బాడీకి తగులుతోందనో, మరో సెన్సర్ పలుకుతోందనో అర్థం. మోత ఆగితే, వేడి లేదని ముందే తేలింది కాబట్టి, స్విచ్చి చెడిందని అర్థం.

నైయాయికులు, అంటే న్యాయదర్శనాన్ని అనుసరించేవారు, ఇంతటితో తృప్తి చెందరు. వారిది పరతఃప్రామాణ్యవాదం: జ్ఞానం యథార్థమో కాదో వేరొక జ్ఞానం వల్ల, ముఖ్యంగా ప్రవృత్తిసామర్థ్యం వల్ల, అంటే ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని ఫలించడం వల్ల తెలుస్తుంది. నీరుందని తలచి వెళ్లినవాడి దాహం తీరితే అతడి జ్ఞానం యథార్థమని తేలినట్టే, కవరు తీసేశాక హారన్ ఆగితే ఆ హెచ్చరిక యథార్థమేనని తేలుతుంది. పరీక్షించే జ్ఞానానికి మరో పరీక్ష, దానికి ఇంకొకటి అంటూ పోతే అనవస్థ, అంటే అంతులేని వరుస, ఏర్పడదా అన్నది మీమాంసకుల ఆక్షేపణ. దీనికి నైయాయికుడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో శంకను గురించి చెప్పిన సమాధానం ఈనాటికీ గట్టిది: శంక తన సొంత ఆచరణతో విరోధించనంతవరకే చెల్లుతుంది. మీటరునూ నమ్మనంటూనే దాన్నే పట్టుకుని వైర్లు పరీక్షించేవాడి శంక మాటల్లో మిగిలేదే తప్ప నిజమైన శంక కాదు. పైగా పనికి పూనుకోవడానికి నిశ్చయమే అక్కరలేదనీ, సందేహం కూడా చాలుననీ న్యాయమతం. ఈ అంశం వల్ల, పైకి ఎంత దూరంగా కనిపించినా, పడవ మీద రెండు పక్షాలూ ఒకే పనిని విధిస్తాయి. వేగం తగ్గించేవాడు హారన్‌ను నమ్మి తగ్గించినా అనుమానించి తగ్గించినా ఇంజను దక్కుతుంది. భేదమంతా తరువాత, వైరు చేతికి వచ్చాక మొదలవుతుంది.

మోగే హారన్ కన్నా మోగని హారన్ విషయంలో దర్శనం చెప్పగలిగింది ఎక్కువ, లోకం పట్టించుకునేది తక్కువ. హారన్ మౌనంగా ఉంది కాబట్టి ఇంజను చల్లగా ఉందనుకోవడం అభావజ్ఞానం, అంటే లేనిదానిని లేదని తెలుసుకోవడం. భాట్ట మీమాంసకులు, అంటే కుమారిలభట్టు అనుయాయులు, అద్వైతులు దీనికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. నైయాయికులు దీనిని ప్రత్యక్షంలోనే చేర్చారు. అయితే ఇరువురూ విధించిన నియమం ఒక్కటే: అది యోగ్యానుపలబ్ధి కావాలి, అంటే ఆ వస్తువు ఉండి ఉంటే తప్పక తెలిసేదే అన్న పరిస్థితి ఉండాలి. వెలుగున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు, చీకట్లో కనబడకపోతే అనరాదు. సాధారణ నమూనాల్లో సెన్సర్ వైరు తెగితే ఇంజను ఎంత కాలిపోతున్నా హారన్ మోగదు. ఆ మౌనం చీకటి గది వంటిది. తాళం తిప్పగానే చాలా ఇంజన్లలో ఒకసారి వినిపించే చిన్న మోత ఈ యోగ్యతను స్థాపించడానికే ఉంది, కానీ అది హారన్ బతికి ఉందని మాత్రమే చెబుతుంది, సెన్సర్ దాకా దారి ఉందని చెప్పదు. అందుకు పైన చెప్పిన సాధారణ నమూనాలో తాళం తిప్పి ఉంచి, స్విచ్చి వైరు కొనను ఇంజను బాడీకి తాకించి, మోగుతుందో లేదో చూడాలి. నీటిలోకి దిగేముందు చేయవలసిన పరీక్షల్లో దీనికన్నా ముఖ్యమైనది అరుదు.

మీమాంసకులు స్వతఃప్రామాణ్యాన్ని కాపాడినది వేదం కోసమని మరువరాదు. వేదం అపౌరుషేయం, అంటే ఏ కర్తా రచించనిది కాబట్టి కర్తలోని దోషం దానికి అంటదనీ, కనుక దానిలో కారణదోషానికి చోటే లేదనీ వారి వాదం. నైయాయికులు వేదప్రామాణ్యాన్ని ఈశ్వరుడనే ఆప్తునిపై నిలిపారు. హారన్ మాట ఈ రెండవ కోవలోకి వస్తుంది. మోత తనంతట తాను ధ్వని మాత్రమే. ఎడతెగకుండా మోగితే ఒకటి, ఆగి ఆగి మోగితే మరొకటి అన్న సంకేతాన్ని తయారీదారు పుస్తకంలో ఏర్పరుస్తాడు, ఆ సంకేతం కంపెనీని బట్టి మారుతుంది. మనుషులు చేసి, మనుషులు బిగించి, మనుషులు అమ్మిన ఈ పలుకుకు అపౌరుషేయవాక్కుకు ఇచ్చేంత నమ్మకం ఇవ్వడం పొరపాటు. దాని వెనుక ఉన్నవారి ఆప్తతను బట్టే దాని విలువ.

ఆంధ్రుడని సంప్రదాయం చెప్పే 17వ శతాబ్ది అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడని నిర్వచించాడు. ఊరికే మోగుతోందని విసిగి హారన్ వైరు కోసి పడేసే అలవాటును ఈ నిర్వచనం దగ్గర పెట్టి చూడాలి. కోసినవాడికి ఆ హారన్ మౌనం చీకటి గది అని తెలుసు. అదే పడవను అద్దెకు తీసుకున్నవాడికో కొన్నవాడికో తెలియదు, అతడు ఆ మౌనాన్ని యోగ్యానుపలబ్ధిగానే తీసుకుంటాడు, తీసుకోవడంలో అతడి తప్పేమీ లేదు. కనుక దోషాన్ని నిరూపించకుండా వైరు కోయడం ఒక తప్పు, కోసిన సంగతి చెప్పకుండా పడవ అప్పగించడం అంతకు మించిన తప్పు, ఎందుకంటే ఆ రెండవదానిలో అబద్ధం ఆడకుండానే ఎదుటివానికి అయథార్థజ్ఞానం కలిగించడం ఉంది.