పూత క్రింది ఇనుము

పాత కారుకు క్రొత్త రంగు వేయించుట చూపులకు చిన్న పనియే. అయినను ఆ పనిలో ఒక పెద్ద నైతిక ప్రశ్న ఇమిడియున్నది. కనబడు భాగమును మెరిపించి, కనబడని భాగమును అట్లే విడిచినవాడు పని చేసినవాడా, లేక మోసము చేసినవాడా?

అండమాన్ దీవులలో ఈ ప్రశ్న తప్పించుకొనరానిది. 2011 జనాభా లెక్కల ప్రకారము అచ్చటివారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. కనుక ఇది తెలుగువారికి దూరపు సంగతి కాదు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయర్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియును. కురియని దినములందు ఉప్పుగాలి వీచును. ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుట్టును. ఉప్పు ఆ చర్యను త్వరపరచును. రాగిమీది పచ్చని పొర తన క్రింది లోహమును కొంత కాపాడును. ఇనుప తుప్పు అట్టిది కాదు. అది తేమను పీల్చుచు లోనికి త్రవ్వుకొనిపోవును. తాను తినిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి, రంగును బొబ్బలుగా పైకెత్తును.

బెంగాలులోని ఉత్తరపాడ కర్మాగారములో 2014 వరకు తయారైన అంబాసిడర్ కారును ఉదాహరణగా తీసికొనవచ్చును. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనానుండి వచ్చిన ఆ బండికి వేరుగా చట్రము లేదు; అతికిన రేకు శరీరమే దాని ఎముకలగూడు. తలుపుల క్రింది అంచులును నేల రేకును బరువు మోయును. తేమ నిలుచునదియు, తుప్పు దాగునదియు అచ్చటనే. కావున అక్కడి రంధ్రమును పుట్టీతో పూడ్చి రంగు వేయుట అందమునకు సంబంధించిన లోపము మాత్రమే కాదు. అందులో ప్రయాణించు కుటుంబముయొక్క ప్రాణము ఆ పుట్టీకి అప్పగింపబడుచున్నది.

నమ్మకమైన టింకరు పని వేరు రీతిగా సాగును. అతడు మొదట పాత రంగును గీకివేయును. గట్టి రేకు తగులువరకు కుళ్లిన భాగమును కోసివేసి, క్రొత్త ముక్కను వెల్డింగుతో అతికించును. గుంటలలో దాగిన ఉప్పును మంచినీటితో కడిగి బాగుగా ఆరబెట్టును. అది మిగిలినయెడల ఎంత వెలగల రంగు క్రిందనైనను తుప్పు మరల మొదలగును. అటుపిమ్మట ప్రైమరు, చదునుకొరకు పలుచని పుట్టీ, గరుకు కాగితపు రుద్దుడు, కట్టకడపట రంగు. ఈ క్రమములో బండి బాగుపడకమునుపు మరింత వికారమగును. ఆ దశను చూడ భయపడియే అనేకులు పైపూతను కోరుదురు.

పైపూతయు కొన్నాళ్లు మెరయును. దళసరి పుట్టీకి అయస్కాంతము అంటదు గనుక, తెలిసిన కొనుగోలుదారుడు గుడ్డలో చుట్టిన అయస్కాంతముతో పరీక్షించును. తెలియనివాడు మెరుపును నమ్మును. అనగా ఈ మోసపు భారమంతయు తెలియనివానిమీదనే పడును. సున్నము కొట్టిన సమాధులతో క్రీస్తు చెప్పిన పోలిక గుర్తుకు వచ్చుట ఇచ్చట సహజమే.

అయితే న్యాయమైన అభ్యంతరమొకటి కలదు. రేకులు, విడిభాగములు చాలవరకు ఓడమీదనే రావలెను. చెన్నై, విశాఖపట్టణములు చాల దూరమున నున్నవి. టాక్సీ నడిపి పిల్లలను పోషించువాడు బండిని నెలల తరబడి నిలిపియుంచలేడు. సంపూర్ణమైన పని చేయించలేని ఆ పేదవాడు అబద్ధికుడా? కాడు. అసంపూర్ణత వేరు, అసత్యము వేరు. బరువు మోయు అంచును ముందుగా బాగుచేయించి, రంగును వచ్చే ఏటికి వాయిదా వేసి, మచ్చల బండినే నడుపువాడు సత్యవంతుడు. ఏది బాగుపడినదో, ఏది ఇంకను బలహీనమో అమ్ముడుపోవునాడు దాచక చెప్పినయెడల, సగము పనియు నిజాయితీగల పనియే. నిగనిగలాడు పూత క్రింద రంధ్రమును దాచినవానికి ఆ మాట చెల్లదు.

రంగును నిందింప నవసరము లేదు. శుద్ధమైన రేకుపై వేసిన రంగు ఇనుమునకు గొడుగు పట్టును. ఇనుము చేయవలసిన పనిని రంగుకు అప్పగించినప్పుడే అది అబద్ధమగును. మనుష్యుని మర్యాదయు, మంచి మాటయు, పేరుప్రతిష్ఠలును ఇట్టివే. లోపల గట్టిదనమున్నచోట అవి దానిని కాపాడును. అది లేనిచోట, దానిని నమ్మి ఆనుకొన్నవానిని పడవేయును.

మరియు ఇది ఒక్కసారి చేసి ముగించు పని కాదు. ఉప్పుగాలి మానదు. కావున బండి ఎంత మెరయుచున్నను, ఏటేట వానలకు ముందు వంగి దాని అడుగుభాగమును చూడవలసియున్నది.