మెట్ల మడులు చూడబోయే ముందు

చిన్నబాబూ,

కటవారియా సరాయ్ సందుల్లో నీ గదికి ఎండ మొహమే కనపడదనీ, పరీక్ష అవగానే ఏదో కొండకి పారిపోతాననీ మీ అమ్మతో అన్నావట. జపాన్‌లో సముద్రం ఒడ్డున కొండవాలుకి 1004 బుల్లి మడులతో ఉండే షిరోయోనె ఫొటోలు నాకూ పంపావు. చూడదగ్గ చోటే. 2024 జనవరి 1 నాటి భూకంపానికి ఆ మడులు బీటలు తీశాయి. అయినా వదిలిపెట్టకుండా బాగుచేసుకుంటున్నారు, గట్టివాళ్లు. కానీ ముందు మన సీతంపేట మన్యం చూడరా. నిజాముద్దీన్‌లో సమతా ఎక్కితే పార్వతీపురంలో దిగొచ్చు, పాస్‌పోర్టుతో పనిలేదు.

అక్కడా, అవతల ఒడిశా గజపతి జిల్లా కొండల్లోనూ సవరలు వాలుని మెట్లుమెట్లుగా మలిచి వరి పండిస్తారు. అక్కడ సముద్రం కనపడదు గానీ, ఆ గెడ్డల్ని నింపే వానల్లో బంగాళాఖాతం వాటా తక్కువేం కాదు.

ఉభాల రోజుల్లో వెళ్లు, జూలై ఆగస్టుల్లో. కింద నిలబడి ఫొటో తీసుకుని వచ్చేయకు. గెడ్డని మళ్లించిన చోటు దాకా ఎక్కి, అక్కణ్ణించి నీటి వెంట దిగు. పై మడి నిండాకే కింది మడికి నీరందుతుంది. సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతికట్ట అంత తడిమట్టిని ఎలా ఆపుతోందో అక్కడ ఆగి చూడు. రిటైనింగ్ వాల్ వెనక నీరు చేరితే ఒత్తిడి పెరుగుతుందనీ, గోడకి రంధ్రాలు వదలాలనీ ఇంజనీరింగ్ సర్వీసెస్‌కి బట్టీ పడుతున్నావు కదా. ఆ కట్టకి రాళ్ల సందులే రంధ్రాలు. ఊట వాటిలోంచి పోతుంది. దమ్ము పట్టిన బురద పైనీటిని నిలబెడుతుంది. నీ పుస్తకంలో పేజీన్నర ఉన్న పాఠం అక్కడ కొండంతా పరిచి ఉంటుంది.

గట్టు అంచు తొక్కకు. పైన రాయి జారితే కింది మడి కూడా పాడవుతుంది. నాట్లు వేస్తున్న వాళ్లని అడక్కుండా ఫోన్ ఎత్తకు. వెళ్లే ముందు సవర మాటలు నాలుగు నేర్చుకో. గిడుగు రామమూర్తిగారు ఆ భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. నీకు నాలుగు మాటలు బరువా?

టికెట్టు ఇప్పుడే చేయించుకో. జలగలుంటాయి, ఉప్పు పొట్లం మరిచిపోకు.