తీరప్రదక్షిణము

నడుమనున్న వస్తువును కుడిచేతివైపున నుంచుకొని దాని చుట్టును తిరుగుట ప్రదక్షిణము. ఎడమచేతివైపున నుంచుకొని తిరుగుట అప్రదక్షిణము. దానిని పితృకార్యములయందు తప్ప మన పెద్దలు వాడరు. చిన్ననాట నేర్చిన యీ చిన్న భేదము, నలువదియేండ్లు దాటిన పిమ్మట, సముద్రముల కావలనున్న యొక రేవుపట్టణమున నన్ను పెద్ద చిక్కులో బెట్టినది.

గత సంవత్సరము వేసవి సెలవులలో కెనడా దేశపు పడమటితీరమునందలి వాంకూవరు నగరమున కాపురమున్న మా తమ్ముని యింటికి పోయితిని. ఆ నగరపు రేవు నొరసికొని, దాదాపు అన్నివైపుల నీరు చుట్టిన భూభాగ మొకటి సముద్రములోనికి చొచ్చుకొనిపోయినది. దాని పేరు స్టాన్లీ పార్కు. వేయి యెకరముల వనము. అడవికిని నీటికిని నడుమ రాతిగోడ, గోడవెంబడి బాట. సుమారు 9 కిలోమీటర్లు నడచినవాడు బయలుదేరిన చోటికే తిరిగి వచ్చును. సైకిళ్లు మాత్రము సముద్రమును కుడివైపున నుంచుకొని యొకే దిక్కున పోవలెనని కట్టడి. పాదచారులకు ఆ నిర్బంధము లేదు. తొలినాడు మా తమ్ముని కూతురు, పదేండ్ల పిల్ల, దారి చూపుచు నన్ను సైకిళ్లు పోవు దిక్కుననే నడిపించినది. అడవి మా కెడమవైపున బడెను. అప్రదక్షిణము గదా యని నా మనసు చివుక్కుమన్నది.

ఆ గోడ కథ వినదగినది. రేవులోనికి వచ్చిపోవు ఓడలు రేపు అలలు ఒడ్డును కోసివేయుచుండగా, దానిని కాపాడుటకై 1917లో గోడకట్టుట ఆరంభించిరి. చుట్టు పూర్తియైనది 1980లో. అరువదిమూడేండ్ల పని! పనులు దొరకని దినములలో నిరుద్యోగులెందరో కూలికై యిచ్చట రాళ్లు మోసిరి. జేమ్స్ కనింగ్‌హామ్ అను రాతిపనివాడు 1931 మొదలుకొని ముప్పదియేండ్లకు పైగా ఈ పనినే నమ్ముకొని యుండి, 1963లో కన్నుమూసెను. గోడ చుట్టి వచ్చిన దినమును ఆయన చూడలేదు. కూలి పుచ్చుకొన్నాడనుట నిజమే. కాని కూలికి మాత్రమే పనిచేయువాడు ముప్పదియేండ్లు ఒకే గోడను పట్టుకొని యుండడు.

వనమునకు పేరిచ్చిన స్టాన్లీ ప్రభువు ఆ కాలమున కెనడాకు గవర్నరు జనరలు. 1888లో తెరచిన వనమును 1889లో ఆయన సర్వజనులకు అంకితము చేసెను. ఏ రంగువారైనను, ఏ మతమువారైనను, ఏ యాచారమువారైనను ఎల్లకాలమును దీని ననుభవింపవచ్చునని ఆ యంకితపు భావము. ఆయన విగ్రహముకడ ఆ మాటను తెలుగున చెప్పి నేను మెచ్చుకొనుచుండగా పిల్ల తలయెత్తి, “అప్పటికే ఇక్కడ ఉన్నవాళ్లకి కూడానా, పెదనాన్నా?” అని యడిగినది. బడిలో వారికి ఆ సంగతి చెప్పియున్నారట.

సంగతి యిది. ఈ తీరముననే హ్వాయ్‌హ్వాయ్ అను ఆదివాసుల యూరొకటి యుండెడిది. 1888లో వనముచుట్టు బండిబాట వేయుచు ఆ యూరి నడుమనుండియే కొట్టుకొనిపోయిరి. తరతరములుగా ఆ జనులు తిని పారవైచిన చిప్పల దిబ్బను త్రవ్వి, ఆ చిప్పలనే బాటపై పరచిరి. బ్రాక్టన్ అను కొనయందు కాపురమున్న కుటుంబములపై 1923లో వ్యాజ్యము నడిపిరి. అరువదియేండ్ల యనుభవమును వారు ఋజువు చేయలేదని 1925లో దేశపు సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. 1931లో ఇండ్లు తగులబెట్టబడెను. ఒక వృద్ధుడు మాత్రము 1958లో చనిపోవువరకు తన యింటనే యుండనీయబడెను.

ఇంతలో ఆ రేవుననే మరియొకటి జరిగినది. 1914 మే 23న కొమగటామారు అను నావ వచ్చి లంగరు వేసినది. అందు 376 మంది మన దేశీయులు, పెక్కుమంది సిక్కులు. వారును బ్రిటిషు చక్రవర్తి ప్రజలే. ఐనను కొలదిమందిని తప్ప దింపనీయక, రెండునెలలు నీటిమీదనే నిలిపి, జూలై 23న మరలగొట్టిరి. ఏ రంగువారైనను అనిన మాట పుట్టి అప్పటికి ఇరువదియైదేండ్లే. ఆ యన్యాయమునకు కెనడా ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పినది 2016లో.

“అయితే మనం ఈ దారిలో నడవకూడదా?” అని పిల్ల రెండవ ప్రశ్న.

ఇందుకు సులభమైన సమాధానములు రెండు గలవు. రెండును నాకు రుచింపలేదు. అది పాతకథ, నేడు దారి అందరిదే గదా యనుట మొదటిది. కాలము గడచినంతనే పరుల సొమ్ము తనదగునన్నచో, దొంగకు కావలసినది ఓపిక యొక్కటే. అన్యాయముపై నిలిచినది గనుక త్యజింపవలెననుట రెండవది. నేను నడువనంత మాత్రమున ఇల్లు పోయినవాని కిల్లు రాదు. పైగా, ఆ రాతిపనివాని శ్రమయు, పైసలేనివానికి దొరకు చల్లగాలియు వ్యర్థమగును. నా యుపవాసము పరుల కడుపు నింపదు.

నేను పరదేశపు తప్పు లెన్నుటకు కూర్చుండలేదు. మా యూరి కోనేటి గట్టుపై మా నాయనమ్మ ప్రతిదినమును ప్రదక్షిణము చేసెడిది. ఆ కోనేరు త్రవ్విన చేతు లెవరివో, వారి మనుమలు ఆ గట్టుపై కాలు మోపుటకు నా చిన్ననాటను కూడ జంకుచుండిరి. చట్ట మెప్పుడో మారినది, గట్టు మారలేదు. నేను శబ్దమంజరి వల్లించినది ఆ గట్టుమీది చెట్టునీడనే. ఎవరిని తరుమలేదు, ఎవరిని తిట్టలేదు. తరుమబడినవారు లేని చోట చల్లగా కూర్చుంటిని. అంతే. ఆ “అంతే” అను మాటయే నన్ను బాధించుచున్నది.

మనుజుడు పుట్టుకతోడనే ఋణగ్రస్తుడని మన పెద్దలు చెప్పిరి. దేవ ఋషి పితృ ఋణములు మూటిని అందరు నెఱుగుదురు. శతపథ బ్రాహ్మణము నాల్గవదిగా మనుష్యఋణమును కూడ లెక్కించినది. దానిని మనము చల్లగా మఱచితిమి. పాపమునకును ఋణమునకును భేదమున్నది. పాపము చేసినవానిది. ఋణము ఆస్తిని వెన్నంటి వచ్చును. తండ్రి పొలమును పుచ్చుకొని తండ్రి వ్రాసిన పత్రము నాది కాదనువానిని లోకము ధర్మాత్ముడనదు. కావున తాతల తప్పునకు మన మపరాధులము కాము, కాని బాకీదారులము.

బాకీ తీరుట యెట్లు? మొదట పత్రము నొప్పుకొనవలెను. బ్రాక్టన్ కొనయందు చిరకాలముగా పొడవైన చెక్కడపు స్తంభములు నిలిపియున్నారు. అవి తొలుత దూరతీరముల జాతులనుండి తెప్పించినవి. ఆ నేల యసలు జాతులవారి పేర, మస్క్వియం శిల్పిని సూసన్ పాయింట్ చెక్కిన ద్వారములు 2008లో గాని నిలువలేదు. అది అసలు కాదు, వడ్డీయును కాదు. పత్రముపై చేవ్రాలు మాత్రమే. ఐనను చేవ్రాలులేని బాకీ యేనాడును తీరదు. పిల్లలకు బడిలో నిజము చెప్పుట రెండవ చేవ్రాలు. “సర్వజనులు” అను మాటలో ఎవ్వరు లోపించిరో వారిని పిలిచి, వారి మాటకు చోటిచ్చుట తీరుపు మొదలు.

మరునాడు పిల్లను వెంటబెట్టుకొని ఎదురుదిక్కున నడచితిని. అడవి కుడివైపునకు వచ్చినది. పడమటి యొడ్డున, నీటిలో ఒంటరిగా నిలిచిన రాతిస్తంభ మొకటి కనబడినది. పాలీన్ జాన్సన్ అను కవయిత్రి 1911లో ప్రకటించిన గ్రంథమున దాని కథ యున్నది. పుట్టబోవు బిడ్డకు నిర్మలమైన బ్రతుకు నీయగోరి ఈతతో దేహమును శుద్ధిచేసికొనుచున్న యొక తండ్రి, దేవదూతలు తొలగుమన్నను తొలగక, ఆ పట్టుదలకు గుర్తుగా శిలయయ్యెనట. అట్టి నిర్మలమైన వారసత్వము మనలో నెవ్వరికి దక్కినది? ఆ శిలను దాటి కొంతదూరము నడచునప్పటికి హ్వాయ్‌హ్వాయ్ ఉండిన పచ్చికబయలు వచ్చెను.

“ఇప్పుడు అడవి కుడివైపుంది కదా. ఇప్పుడు పుణ్యమేనా?” అని పిల్ల నవ్వినది. దిక్కు మార్చినంత మాత్రమున కాదమ్మా యంటిని. కుడిచేయి ఇచ్చుచేయి, దక్షిణ నిచ్చునది ఆ చేతితోనే. నడుమనున్న దానికి మన మేమి బాకీపడితిమో తెలిసి తిరిగినదే ప్రదక్షిణము. తెలియక తిరిగినది కాళ్లకు వ్యాయామము.

తిన్నని దారి అయినచో మనము చూచినవానిని వెనుక విడిచి పోవచ్చును. చుట్టుదారి పోనీయదు, మరల అచ్చటికే తెచ్చును. నేను ఊరికి తిరిగి వచ్చి మూడు నెలలైనది. కోనేటి గట్టుపై నడచితిని. ఆ గట్టు ఎవరు త్రవ్విరో మా బడిపిల్లలకు ఇంకను చెప్పలేదు. ఈ వ్యాసము ముగించి రేపు చెప్పవలెను.